గుమ్మం మీద కుప్పుసామి

టైల్స్ పరిచే కుప్పుసామి కుదురుగా కూర్చోగా పాపారపట్టిలో చూసినవాళ్ళు లేరు. కూర్చున్నా ఎడమ మోకాలు ఊగుతూనే ఉంటుంది. దుమ్ముకని మొహం చుట్టూ కట్టిన తువ్వాలు ఇంటికొచ్చినా పూర్తిగా విప్పడు, గడ్డం కిందికి లాక్కుంటాడంతే. చెప్పులు వీధివైపు తిప్పి విడిచి, వాటి పక్కనే గుమ్మం మీద కూర్చుని, ఇంకో బస్సు ఎక్కాల్సినవాడిలా టీ తాగుతాడు. హోసూరు పని నచ్చక మారండహళ్ళికి, అదీ విసుగొచ్చి బెంగుళూరుకు పోయాడు. ఆ పోవడం ఇంట్లో చెప్పకుండానే పోయాడు. రెండు నెలలకు తిరిగొచ్చాడు.

ఈమధ్య ఫోనులో ఒక పాట దానంతటదే వచ్చి పడింది. ఆఫ్రికా ఎడారి మనుషులు కళ్ళు తప్ప మొహమంతా గుడ్డ చుట్టుకుని గిటార్లు వాయిస్తున్నారు. ఆ వాయింపు తిరిగిన దారినే తిరుగుతూ ఎక్కడా నిలవదు. అప్పటినుంచీ రాయి కోస్తున్నా, బస్సులో నిలబడినా చెవిలో అదే. ఒక సాయంత్రం భార్య పొన్నుత్తాయిని పిలిచి చూపించాడు.

“ఇంత దుమ్ములో ఏం పని చేస్తా ఉండారు వీళ్ళు?” అందామె.

“దుమ్ము కాదు, ఇసక గాలి. ఒకచోట ఉండరంట. తిరుగుతా పాడతారంట.”

“మళ్ళా ఇంటికి పోతారా?”

“పాటలో ఉంటాదేమో. నాకు ఆ భాష తెలీదు.”

పొన్నుత్తాయి అతని మోకాలి వైపు చూసింది. అది ఊగడం లేదు. పాట అయిపోయేదాకా నిలబడి వింది. తర్వాత వంగి, అతని చెప్పులు రెండూ తీసుకుని లోపలికి పోయింది.