బుడగలు ఆగిన ఉదయం

మా బావగారిని చుట్టుపక్కల వీధుల్లో అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. గ్యాస్ స్టవ్‌లు బాగుచేయడం ఆయన పని. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే రెండుసార్లు గాలి పీల్చి, "రెగ్యులేటర్ దగ్గర లీకుందమ్మా, కిటికీలు తీయండి" అనేవారు. తర్వాత పైపుకు సబ్బు నురగ పూసి, బుడగ లేచిన చోటు చూపించేవారు. ఇరవై ఏళ్ల పనిలో ఆయనది ఒకటే నియమం: లీకు కనిపిస్తే ముందు వాల్వు కట్టేయాలి, మాటలు ఆ తర్వాతే.

అంత పదునైన ముక్కున్న మనిషి రోజుకు రెండు పెట్టెలు సిగరెట్లు కాల్చేవారు. మా అక్క, అంటే ఆయన భార్య, నా తోడికోడలు, పోరు పెడితే "స్టవ్ పక్కన కాల్చడం లేదు కదే, సంతోషించు" అని నవ్వేసేవారు.

ఒక రోజు సంచి భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కుతుంటే కుడి ఛాతీలో ఎవరో పొడిచినట్టయిందట. వీధి చివరి డాక్టరు వీపు నొక్కి చూసి, కండరం పట్టేసిందని ఇంజెక్షన్ ఇచ్చాడు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టలేదు. బావగారు మరో మూడు రోజులు మెట్లెక్కారు. నాలుగో రోజు ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆగాల్సి వచ్చింది. అప్పుడు మా ఆయన అన్నగారిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

ఎక్స్‌రేలో కుడివైపంతా నల్లగా ఉంది. ఊపిరితిత్తి ముడుచుకుపోయి గుండె పక్కన పిడికిలంత మిగిలింది. పొగ వల్ల ఊపిరితిత్తి మీద పలచని పొక్కులు లేచాయని, వాటిలో ఒకటి పగిలిందని డాక్టరమ్మ చెప్పింది. పీల్చిన గాలిలో కొంత ఆ చిల్లులోంచి బయటపడి, ఛాతీ గోడకూ ఊపిరితిత్తికీ మధ్య చేరి, ఊపిరితిత్తినే నొక్కేస్తోంది. పక్కటెముకల మధ్య నుంచి ట్యూబు వేసి, దాని రెండో కొస నేల మీది సీసాలో నీళ్లలో ముంచారు. గాలి బుడగలై బయటికి పోతుంది, తిరిగి లోపలికి రాదు.

"బుడగలు ఆగి, ఊపిరితిత్తి విచ్చుకుంటే ట్యూబు తీసి ఇంటికి పంపిస్తాం. వారంలో ఆగకపోతే ఆపరేషన్" అంది డాక్టరమ్మ.

ఆపరేషన్ మాట వినగానే బావగారి ముఖం పాలిపోయింది. స్టవ్ విప్పి బిగించడానికి వెనకాడని మనిషి, తనను విప్పుతారంటే వణికిపోయారు.

ఆరో రోజు సాయంత్రం ఆయన దగ్గర నేను కూర్చున్నాను. దగ్గినప్పుడల్లా సీసాలో బుడబుడమంటోంది.

"అమ్మాయ్, సైన్సు చదివావుగా. ఈ బుడగల సంగతేంటో సరిగ్గా చెప్పు. డాక్టరమ్మ గాలివాటంగా చెప్పి పోతోంది."

"మీ సబ్బు నురగ లాంటిదే బావగారూ. బుడగ వస్తే లోపల లీకున్నట్టు. ఆగితే మూసుకున్నట్టు."

"అంతేనా! ఈ మాత్రానికి అంత చదువెందుకు?"

నవ్వాను. అసలు సంగతి అప్పుడే మొదలుపెట్టబోయాను: లీకున్నంతకాలం ట్యూబు తెరిచే ఉండాలి, గాలికి వేరే దారి లేదు. ఇంతలో ఫోన్ మోగింది. ఏడు నెలల మా పాపకి దగ్గు ఎక్కువైందట. నాకు ఇక ఏమీ వినిపించలేదు. "రేపు చెప్తా" అని చెప్పులేసుకున్నాను.

మర్నాడు ఉదయం అక్క ఫోన్ చేసింది.

"ఆగిపోయాయే! ఒక్క బుడగ లేదు! మీ బావగారు రాజాలా కూర్చున్నారు, డాక్టరమ్మ ఎప్పుడొస్తుందా అని."

ట్యూబులో నీళ్లు ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతున్నాయా అని నేను అడగాలి. కదలకపోతే దారి మూసుకుపోయి ఉండొచ్చని చదివాను, నాకు తెలుసు. కానీ నా చేతిలో మందు చెంచా ఉంది, పాప మూతి బిగించుకుంది. "పోన్లే అక్కా, గండం గడిచింది" అన్నాను.

సీసా మార్చేటప్పుడు వేయడానికని నర్సు మంచం పక్కన ఒక క్లిప్పు ఉంచింది. ఆ ఫోన్‌కి కాస్త ముందు, అక్క వేడినీళ్లకు వెళ్లినప్పుడు బావగారు దాన్ని ట్యూబుకు బిగించి, పైన దుప్పటి కప్పుకున్నారు. డాక్టరమ్మ చూసి వెళ్లేదాకా ఉంచితే చాలనుకున్నారు. వాల్వు కట్టేసి లీకు ఆపాననే అనుకున్నారు.

అక్క ఫోన్ పెట్టేసిన పావుగంటకి ఆయన మెడ ఉబ్బింది. వేలితో నొక్కితే చర్మం కింద కరకరలాడింది. పెదవులు నీలంగా మారాయి. అక్క అరుపుకి నర్సు పరుగెత్తుకొచ్చి దుప్పటి లాగింది.

"అయ్యో పెద్దాయనా! ఎవరు బిగించారిది?"

క్లిప్పు తీయగానే సీసా మరిగినట్టు పొంగింది. ప్రాణం నిలిచింది. ఆయన తప్పించుకోవాలనుకున్న ఆపరేషన్ ఆ మధ్యాహ్నమే చేశారు. చిల్లుపడిన పై భాగం కోసేశారు, ఆ తర్వాత ఛాతీలో చీము పట్టింది. నలభై రెండు రోజులు మంచం మీదే.

ఇంటికొచ్చాక అక్క నాకు మంచినీళ్లిస్తూ అంది: "డాక్టరమ్మ చెప్పిందేదో చాలదా? నీ సైన్సు నీ దగ్గరే ఉంచుకోవాల్సింది." నేను నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించాను.

ఇప్పుడు బావగారు మొదటి అంతస్తుకి రెండుసార్లు ఆగుతారు. స్టవ్‌లు ఇంటికి తెచ్చిస్తే చేస్తానని బోర్డు పెట్టారు. బరువైన స్టవ్‌ని మోసుకొచ్చేదెవరు? జనం ఇంటికొచ్చే వేరే మేస్త్రిని పిలుచుకుంటున్నారు. బావగారు సిగరెట్లు మానేశారు. పొద్దంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

మొన్న పాపని ఎత్తుకుని వెళ్లాను. బావగారు నాకు పక్కన స్టూలు జరిపారు. తర్వాత అన్నారు:

"అమ్మాయ్, ఆ రోజు మిగతాది చెప్పినా నేను వినేవాణ్ని కాదులే. నువ్వేం మనసులో పెట్టుకోకు."

నన్ను ఓదార్చడానికి అన్నారు. అబద్ధం. వినేవారు. చెప్పిన సగాన్ని తు.చ. తప్పకుండా పాటించారు కదా.

పాప దగ్గింది. నేను వెంటనే దాని ఛాతీకి చెవి ఆనించాను. బావగారు ముఖం వీధి వైపు తిప్పుకున్నారు.