దయామణి టీచరు గారు ఎక్కిన మెట్లు

పోయిన నెల ఒక సోమవారం ఉదయం కొట్టు తెరిచి, పటాలకు అగరొత్తులు వెలిగిస్తుండగా, దయామణి టీచరు గారు కన్నుమూశారన్న వార్త చెవిన పడింది. ధవళేశ్వరం బస్సు కండక్టరు గుమ్మంలో నిలబడి చెప్పాడు. “స్టాపులో నా బస్సు కోసం నిలబడి ఉండగానే కుప్పకూలిపోయారండి. గుండెపోటంట.” చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలేవరకూ నాకు స్పృహ లేదు.

ఆ మహనీయురాలి హఠాన్మరణం మన పట్టణానికి తీరని లోటంటూ వర్తక సంఘం తరఫున అరగంటలో ఒక ప్రకటన రాసి పంపాను. మాటలు పేర్చడం నాకు గిన్నెలు పేర్చినంత సులువు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అసలు సంగతి కూడా లేదు. మన వర్తక సంఘం పత్రిక చదివే మీలో చాలామందికి ఆవిడ పిల్లల్ని చంకనెత్తుకుని మెట్లెక్కే టీచరుగా తెలుసు. ఎందుకు ఎత్తుకోవలసి వచ్చిందో తెలిసినవాళ్ళం కొద్దిమందిమి. వాళ్ళలో మొదటివాణ్ణి నేను.

తొంభైల మొదట్లో మన మున్సిపాలిటీ వికలాంగ బాలల కోసం ఒక కేంద్రం తెరిచింది. కేంద్రమంటే బజారులో మున్సిపాలిటీ మేడ కింది గది, రెండు చాపలు, ఒక బీరువా, దయామణి గారు. పోలియో సోకిన పిల్లలు, మాట రాని పిల్లలు, మెడ నిలవని పిల్లలు అక్కడికి వచ్చేవారు. అక్షరాలు దిద్దించడం, కాలికి ఇనుప పట్టీలు కట్టి నడిపించడం, బస్సు పాసులకూ మూడుచక్రాల బండ్లకూ దరఖాస్తులు నింపడం అన్నీ ఆవిడే. ప్రభుత్వాసుపత్రిలో సర్టిఫికెట్లిచ్చే రోజున చేపలమ్ముకునే ఒక తల్లిని “ఇవాళ్టికి అయిపోయింది, వచ్చే వారం రా” అని గుమస్తా పంపేయబోతే, “సరేనండి, వచ్చే వారం దాకా ఇక్కడే కూర్చుంటాం” అని టీచరు గారు గుమ్మంలో చాప పరిచారట. సాయంత్రానికల్లా సంతకం దొరికింది.

చెయ్యి నిలవని పిల్లల కోసం రెండు పిడుల గ్లాసులు చేయించి ఇమ్మని ఒకసారి నా గిన్నెల కొట్టుకొచ్చారు. ధర చెప్పాను. మారుమాట లేకుండా పర్సు తీశారు. నాకే ఏదో వెలితిగా తోచింది.

“అదేంటండీ టీచరు గారూ, బేరమాడరా?”

“మీకు గిట్టే ధరే చెప్పారు కదండీ శెట్టి గారూ, మళ్ళీ ఆడటమెందుకు?”

గిట్టే ధరకు చాలా పైనే చెప్పాను. నాలో నేను నవ్వుకున్నాను. ఈ మనిషి బజారులో బతకదనుకున్నాను.

కేంద్రం పెట్టిన నాలుగైదేళ్ళకు నాకు సరుకు గది చాలకుండా పోయింది. కొట్టుకు ఎదురుగా ఉన్న ఆ కింది గది మీద కన్ను పడింది. మన పద్ధతి మీకు చెప్పనక్కర్లేదు. ఒకటి కావాలంటే రెండడుగుతాం, ఆపైన ఒకటి వదులుకున్నట్టు మొహం పెడతాం. కింది గదీ, దానిమీదున్న పై గదీ రెండూ అద్దెకిమ్మని దరఖాస్తు పెట్టాను. పై గది నాకెందుకూ పనికిరాదు. కమిషనరు గారు నన్నూ టీచరు గారినీ పిలిపించారు.

“రెండూ మీకిచ్చేస్తే ఆ పిల్లలెక్కడికి పోతారండీ?” అన్నారాయన.

“పోనీలెండి, పిల్లల మొహం చూసి పై గది వదిలేస్తానండి,” అన్నాను, దానకర్ణుడి ఫోజు పెట్టి.

“మా పిల్లలు మెట్లెక్కలేరండీ,” అన్నారు దయామణి గారు మెల్లగా.

“నా గంగాళాలు అసలే ఎక్కలేవు కదండీ టీచరు గారూ! పిల్లలకైతే కాళ్ళన్నా ఉన్నాయి.”

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఆ రోజంతా పొంగిపోయి తిరిగాను, ఇంట్లో కూడా చెప్పి నవ్వించాను. ఇప్పుడు ఆ మాట కాగితం మీద పెట్టడానికి మూడుసార్లు కలం పక్కన పడేశాను.

ఆవిడ నవ్వలేదు. సంతకం పెట్టి, వరండాలో నా దగ్గరికొచ్చి చేతులు జోడించారు. “రెండూ పోతాయని నిన్నంతా అన్నం సయించలేదండీ శెట్టి గారూ. ఒకటైనా ఉంచారు. మీ మేలు మర్చిపోను.”

నా మొదటి మాటను నమ్మిన మనిషిని జీవితంలో అప్పుడే చూశాను. బేరంలో మొదట అడిగేది అడగడానికే తప్ప నమ్మడానికి కాదని ఆవిడకెవరూ నేర్పలేదు. పై గది నాకక్కర్లేదన్న నిజం ఆ క్షణంలో నేను చెప్పి ఉండాల్సింది. “పర్లేదు లెండమ్మా,” అన్నాను.

ఇరవై రెండు మెట్లు. గల్లా దగ్గర కూర్చుంటే సూటిగా కనిపిస్తాయి. ఉదయం ఒక్కొక్కర్నే పైకి, సాయంత్రం ఒక్కొక్కర్నే కిందికి. సగం దూరంలో ఆగి, గోడకు భుజం ఆనించి ఊపిరి తీసుకునేవారు. అప్పుడు నేను కొనేవాళ్ళ వైపు మొహం తిప్పుకునేవాణ్ణి. చంద్రకళ అనే పోలియో పిల్ల మాత్రం తానే ఎక్కుతానని మొండికేసేది.

“నువ్వెక్కేసరికి ఇంటి బెల్లు కొట్టేస్తారే తల్లీ!”

“కొట్టనీండి టీచర్. మీ నడుం మీ ఇంటిదాకా మిగలాలి కదా!”

పిల్లలు ఎదుగుతుంటే ఎవరైనా మురిసిపోతారు. ఆవిడకు మాత్రం దిగులు పట్టుకునేది. ఎత్తుకోలేనంత బరువైన పిల్లలు ఒక్కొక్కరే కేంద్రం మానేశారు. చంద్రకళ కూడా పదమూడో ఏట మానేసింది. అప్పుడు మొదటిసారి అడిగారు. “శెట్టి గారూ, గదులు మార్చుకుందామాండీ?”

“చూద్దాం లెండి. ఆషాఢం వెళ్ళనివ్వండి.”

మన కొట్లలో ఈ మాటకు ఇవ్వనని అర్థం. శ్రావణం మొదటి రోజు పొద్దున్నే తడిసిన గొడుగు ముడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. “ఆషాఢం వెళ్ళిందండీ.” పెళ్ళిళ్ళ సీజను కానివ్వమన్నాను. అదీ అయ్యాక వచ్చారు. మా పెద్దవాడితో మాట్లాడి చెప్తానన్నాను. “అలాగేనండి,” అని వెళ్ళిపోయారు. మళ్ళీ అడగలేదు. నమ్మడం మానేశారో, ఆ కబురు కోసం ఇన్నేళ్ళూ ఎదురుచూశారో తెలియదు. రెండోదే నిజమని నా భయం.

సంతాప సభ ఏర్పాటు నా మీద పడింది. ఆవిడ పాఠం చెప్పిన పై గదిలో పెట్టడమే సముచితమని నిర్ణయించి, పటానికి మల్లెదండ వేయించి, మైకు పెట్టించి, ముందు వరస కుర్చీలు ఆవిడ శిష్యుల కోసం ఉంచమన్నాను. పెద్దలంతా పైకొచ్చారు. నేను లేచి “త్యాగమూర్తి, కరుణార్ద్ర హృదయ” అంటూ చదవడం మొదలుపెట్టాను. మధ్యలో తలెత్తి చూస్తే ముందు వరస ఖాళీ.

కిటికీలోంచి తొంగి చూశాను. కింద, నా సరుకు గది షట్టరు ముందు, మూడుచక్రాల బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. చంకకర్రలు గోడకు ఆనించి మేడ మొదటి మెట్టు మీదా, పక్క కొట్టు అరుగు మీదా కూర్చున్నారందరూ. నిలువెల్లా సిగ్గుతో దిగి వెళ్ళాను. దిగి కూడా ఏమడిగానో చూడండి. “పైకి రాలేదేంటమ్మా?”

చంద్రకళ ఇప్పుడు బస్టాండు దగ్గర టెలిఫోను బూత్ నడుపుతోంది. తలెత్తి చూసింది. “మైకు బాగానే వినబడుతోందండీ శెట్టి గారూ. త్యాగమూర్తి దాకా విన్నాం. కానివ్వండి.”

“పటం కిందికి తెప్పించనా?”

“టీచర్ అయితే అడక్కుండానే దిగొచ్చేవారండీ,” అంది. కోపంగా కూడా అనలేదు.

పటం కిందికి తెచ్చాం. నా ప్రసంగం జేబులోనే ఉంచుకున్నాను. వాళ్ళు మాట్లాడారు, మేం నిలబడి విన్నాం.

మర్నాడే కింది గది ఖాళీ చేసి, పిల్లల కేంద్రానికే ఇవ్వాలని రాసి, తాళంచెవి మున్సిపాలిటీలో అప్పగించాను. గుమస్తా ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసి, “గది సరేనండి, టీచరేరీ? ఆ పోస్టు ఎప్పటికి నిండుద్దో!” అన్నాడు. రోడ్డుకు సమానంగా, ఒక్క మెట్టయినా లేని గది. ఎవరైనా నెట్టుకుంటూ లోపలికి పోవచ్చు. పోతే పాఠం చెప్పేవారు లేరు. పదమూడో ఏట ఆగిన చదువు చంద్రకళకు నేను ఏ గదిలోంచి తెచ్చివ్వను?

అమ్మా దయామణి గారూ, మీవంటి సాధ్వి మన బజారులో మళ్ళీ అడుగు పెట్టదు. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని మిమ్మల్ని చూసినవాడు చేస్తున్న నమస్కారమిది, అందితే అందుకోండి. క్షమించమని మాత్రం అడగను. అడిగితే మీరు వెంటనే సరేనంటారు, నేను మళ్ళీ చౌకగా కొట్టేసినవాణ్ణవుతాను.