ఒక్క సెకను నమ్మి

ఆ రోజు ఒక్క సెకనును నమ్మి తప్పుడు నివేదిక పంపాను. అడవి అంచున ఉన్న మా సబ్‌స్టేషన్ ఆపరేటర్, ఖమ్మం కంట్రోల్ రూం అనుమతి ఇవ్వడానికి ఒక్క సెకను ముందే లైను ఆన్ చేశాడని రెండుచోట్ల కంప్యూటర్ల రికార్డు చూసి రాశాను. అదృష్టం, పోల్ ఎక్కి లైను బాగుచేసినవాళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"పర్మిషన్ వచ్చినంకనే ఏసిన సారూ. పోల్ మీదికి ఎక్కింది మా బామ్మర్ది. వాన్ని నేనే చంపుకుంటనా?" అన్నాడు ఆపరేటర్. కొలువు పోతుందన్న భయంతో అతని పెదవులు ఎండిపోయాయి.

అప్పుడు నాకూ భయమేసింది. మా కంప్యూటర్ గడియారం నెట్‌వర్క్‌లో ఖమ్మాన్ని సమయం అడుగుతుంది. ప్రశ్న వెంటనే వెళ్తుంది, జవాబు రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. గడియారం మాత్రం రాకపోకలు సమానమనుకుని, వచ్చిన సమయానికి ఆ నాలుగులో సగమే కలుపుకుంటుంది. అంటే మా గడియారం రెండు సెకన్లు వెనకబడి ఉండొచ్చు, అతను అనుమతి వచ్చాకే లైను ఆన్ చేసి ఉండొచ్చు. తెలిసీ ఆ మాట రాయలేదు.

వెంటనే ఖమ్మం వెళ్లి, ఏది ముందో ఈ గడియారాలు తేల్చలేవని, తప్పు నాదని రాసిచ్చాను. తిరిగొచ్చి దాని నకలు అతని చేతికిచ్చి, అందరి ముందూ క్షమించమన్నాను.