నోటితో చప్పుడు చేయించిన మేస్త్రి

మేస్త్రి చనిపోయాడన్న మాట నాకు ఆయన కొట్టు ముందరే తెలిసింది. రాప్తాడు దగ్గర హైవే పక్కన లారీలు బాగుచేసే రేకుల కొట్టు అది. షట్టరు దించి ఉంది. పక్కనున్న టీ బంకు అతను గ్లాసులు కడుగుతూ, "మేస్త్రి చనిపోయినాడమ్మా. తెల్లవారుతూనే గుండె నిలిచిపోయింది. ఇంటికాడ పెట్టినారు, పో" అన్నాడు.

నా నోట్లో అప్పుడు ఒక చప్పుడు ఉంది. మా ఊరి నుంచి బస్సులో అంత దూరమూ మర్చిపోకుండా నోట్లో పెట్టుకుని తెచ్చిన చప్పుడు. డొక్... డొక్‌డొక్... డొక్. పక్కన కూర్చున్నామె నన్ను రెండుసార్లు చూసి వేరే సీటుకు పోయింది. దాన్ని అప్పజెప్పాల్సిన మనిషే లేడు. నేను షట్టరు ముందర మెట్టు మీద కూలబడ్డాను.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నా మాట మార్చొద్దని గట్టిగా చెప్పాను.

మాది చీనీ తోట, బత్తాయి అంటారే అది. బోరు ఎండిపోయింది. పక్క ఊరి బోరు నుంచి నీళ్ళు తోలి చెట్లను బతికించుకుంటున్నాం. తోలేది ఒక పాత డీజిల్ లారీ, వెనక నీళ్ళ ట్యాంకు. మా ఆయన కొనేనాటికే అది ఇంకొకరి దగ్గర అరిగిన బండి. కిలోమీటర్లు చూపించే ముల్లు ఎప్పుడు ఆగిపోయిందో కూడా మాకు గుర్తులేదు. అది నిలిచిపోతే తోట ఎండుతుంది. చీనీ చెట్టు ఎండితే కొత్త మొక్క కాపుకు వచ్చేసరికి ఐదారేళ్ళు. నా దగ్గర అన్నేళ్ళు లేవు.

మా ఆయన పోయాక మొదటిసారి బండిని నేనే మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాను. కొడుకు తోలాడు, నేను పక్కన కూర్చున్నాను. దిగుతూనే, "బేరింగు పోయిందంట" అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"అందరూ అంటాండారు."

"అందరూ మేస్త్రీలే అయితే నాకెందుకు కొట్టు? రోగం పేరు చెప్పాకు అక్కా. చప్పుడు చెయ్."

"ఏం చెయ్యాల?"

"నీ బండి ఎట్ల అరుస్తాందో నోటితో అరిచి చూపీ. నేను చెవి పెడతా."

అదీ ఆయన పద్ధతి. బానెట్ తెరవక ముందు బండి గలాయన నోటితో చప్పుడు చేసి చూపించాలి. ఎంత పెద్దమనిషైనా సరే. తెల్లచొక్కా వేసుకుని, వెనక ఇద్దరు మనుషులతో వచ్చిన ఒక పెద్దాయన కొట్టు నడుమ నిలబడి "టిక్‌టిక్‌టిక్" అనడం నేను కళ్ళారా చూశాను. మేస్త్రి నవ్వలేదు. "ఇంకా సన్నగానా, ఇంతేనా?" అని అడిగాడు. ఆ పెద్దాయన చెమట తుడుచుకుని ఇంకా సన్నగా అన్నాడు. బెంచీ మీదున్న మేమంతా కొంగులు, తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నాం.

నాకు సిగ్గు లేదు. ఎండిన శనక్కాయలను మూటలో ఆడించినట్టు ఒకసారి, రోట్లో రోకలి పడినట్టు ఒకసారి, నేను చేసి చూపించినట్టు ఇంకెవరూ చేసేవాళ్ళు కాదు. "ఈ అక్క వస్తే నాకు బండితో పనిలేదు" అనేవాడు. ఆ మాట అన్న రోజు నేను ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

చప్పుడు విన్నాక ఒక్క ప్రశ్న అడిగేవాడు. "వేడెక్కినాక వస్తాదా, చల్లగా ఉన్నప్పుడే వస్తాదా?" ఆ తర్వాత తేలికైన పని నుంచి మొదలుపెట్టేవాడు. ముందు ఆయిలు చూసేవాడు. తర్వాత ఫ్యాన్ బెల్టు విప్పి స్టార్టు చేసేవాడు. నేను బేరింగని పోయిన ఆ మొదటిరోజు బెల్టు విప్పగానే చప్పుడు పోయింది. బెల్టు తిరిగే కప్పీ పగిలి కొట్టుకుంటోంది, అంతే. "చూస్తివా? ఊరి మాట విని ఇంజను దించుంటే నెల రోజులు నీ చెట్లు నాలుకలు బయటబెట్టేవి" అన్నాడు.

చివరి ఏళ్ళలో ఆయనకు చెవులు మందగించాయి. అది గిరాకీలకు తెలియకూడదని ఆయన తాపత్రయం. నాకు తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఒక కర్ర పట్టుకున్నాడు. జానెడున్నర తుమ్మకర్ర. ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య కరిచిపట్టి కళ్ళు మూసుకునేవాడు. "చెవి ముసలిదయితాది. ఎముక కాదు" అనేవాడు.

ఆయన మాట నేను ఒక్కసారి దాటాను. అది కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. ఇంతకుముందు కరువులో, "ఈసారి నిజంగా బేరింగే. నిలిపెయ్" అన్నాడు. చెట్లు వాడిపోతున్నాయి. నేను వినలేదు. ఇంకొక్క ట్రిప్పు, ఇంకొక్క ట్రిప్పు అని మూడు రోజులు తోలించాను. మూడో రోజు లోపలి కడ్డీ విరిగి, ఇంజను పక్క పగలగొట్టుకుని బయటికి వచ్చింది. రోడ్డంతా ఆయిలు. ఆయన వచ్చి ఆ కంత చూసి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "చెట్టుకు కొమ్మలు కొడితే నీళ్ళు చాలకున్నా పది దినాలు ఓర్చుకుంటాది అక్కా. బేరింగు పూట కూడా ఓర్చుకోదు" అన్నాడు. ఎక్కడెక్కడో వెతికి ఇంకో పాత ఇంజను తెచ్చి బిగించాడు. ఆ ఏడు నా చెట్లు సగం పోయాయి. మిగిలినవే ఇప్పుడున్నవి.

టీ బంకు అతను చెప్పిన ఇంటికి పోయాను. పందిరి కింద పడుకోబెట్టారు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు అట్లాగే ఉంది, స్నానం పోసినా పోలేదు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. తల దగ్గర కూర్చుని, వంగి, ఆయన చెవిలో చెప్పాను. డొక్... డొక్‌డొక్... డొక్.

ఎవరో మగమనిషి, "ఏందమ్మా ఇది, పీనుగు దగ్గర?" అన్నాడు.

మేస్త్రి భార్య తల ఎత్తింది. "చెయ్యనీప్పా. ఆయప్ప దగ్గరికి వచ్చినోళ్ళు చప్పుడు చెయ్యకుండా ఎవురు పోయినారు?"

కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఆమే నన్ను అడిగింది. "వేడెక్కినాక వస్తాదా, చల్లగా ఉన్నప్పుడే వస్తాదా?"

రోజూ కొట్టుకు అన్నం తెచ్చి, గోడ పక్కన కూర్చుని ఎన్నివేలసార్లు విన్నదో ఆమె ఆ ప్రశ్న.

"వేడెక్కినాక. మిట్ట ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ" అన్నాను.

ఆమె భర్త మొహం వైపు చూసింది. చాలాసేపు చూసింది. "ఆపైన నాకు తెలీదక్కా" అంది. అప్పుడు ఏడ్చాం, ఇద్దరమూ. నేను వచ్చేటప్పుడు లోపలికి పోయి తుమ్మకర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

మర్నాడు నా కొడుకు ట్యాంకు నింపుకుని వస్తుంటే, తోటకు ముందున్న మిట్ట కిందికి వచ్చేసరికి చప్పుడు పెద్దదైంది. నిలిపి నాకు కబురు చేశాడు. అంతకుముందే వాడు ఆ చప్పుడు సెల్లులో పట్టి టౌను మెకానిక్కుకు పంపించాడంట. "పాత ఇనుముకు వేసుకోండి" అని జవాబు వచ్చిందంట. బండిని చూడకుండా, వేడా చల్లనా అని అడగకుండా.

"మిట్ట దాటితే తోట అమ్మా. ఒక్క ఎత్తు" అన్నాడు కొడుకు.

"ముందు ఆయిలు చూడు" అన్నాను.

ఆయిలు సరిగ్గానే ఉంది. బెల్టు విప్పించాను. చప్పుడు పోలేదు. ఇంజనులో నాలుగు గదులు, వాటికి డీజిల్ పోయే గొట్టాలు నాలుగు. మేస్త్రి చేసేది చూసినట్టే, ఇంజను ఆడుతుండగా ఒక్కొక్కటే వదులు చేసి బిగించమన్నాను. మొదటిదానికి మార్పు లేదు. రెండోదానికి లేదు. మూడోది వదులు చెయ్యగానే చప్పుడు చచ్చిపోయింది. మూడో గదిలోనే రోగం. పైన డీజిల్ చిమ్మే నాజిల్‌దైతే మార్చుకుంటే చాలు. అడుగున బేరింగుదైతే ఇంజను దించాలి. అది తేల్చేది కర్రే.

కర్రకు ఆయన పళ్ళ గాట్లున్నాయి, లోతుగా. నాకు పళ్ళు లేవు. చిగుళ్ళు ఆ గాట్లలో కూర్చున్నాయి. పైన ఆనించాను. సన్నగా, దూరంగా వినిపించింది. దేవుడా, ఇక్కడే ఉండు అనుకున్నాను. కిందికి, ఇంజను పొట్ట దగ్గరికి జరిపాను. దవడ అదిరింది. డొక్. డొక్. తల లోపల ఎవరో రోకలి ఎత్తి వేసినట్టు.

"ఆపెయ్" అన్నాను.

"ఒక్క మిట్ట, అమ్మా. ఈ నీళ్ళు ఆడికి చేరితే..."

"ఆపమంటాండా."

ఆపాడు. ఆ నిశ్శబ్దం వినడం కన్నా ఆ చప్పుడే నయం. తోట కనిపిస్తూనే ఉంది. నాలుగు సాళ్ళు, ఆకులు దొన్నెల్లా ముడుచుకుని. ఇంజను ఎవరు దించుతారో, ఎవరి చెవి నమ్మాలో నాకు తెలియదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే రండి. బండి అక్కడే ఉంది. చప్పుడు నేను చేసి చూపిస్తాను.

కోడలు, పక్క చేనుల్లో పనికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు తెచ్చారు. కొడుకు కొడవలి తీసుకుని కొమ్మలు కొట్టడానికి పోయాడు, కాయలతో సహా. బిందె నింపడం, మిట్ట ఎక్కడం, ఒక్కో పాదులో పోయడం. నేను ఎక్కలేను. ట్యాంకు పక్కన నిలబడి మేస్త్రి కర్రతో దాన్ని తట్టి చూస్తూ ఉన్నాను. నీళ్ళున్న చోట దబ్‌మంటుంది. ఖాళీ అయిన చోట ఖంగుమంటుంది. పొద్దున నా తల ఎత్తున ఉన్న ఖంగు, పొద్దు వాలేసరికి నడుము దగ్గరికి దిగింది. ఇంకా రెండు సాళ్ళు మిగిలాయి. కర్ర కొంచెం కిందికి జరిపి, మళ్ళీ తట్టాను.