కాశమ్మ చెయ్యి ఆగిన చోట

ఛత్రినాకలో ఉండే కాశమ్మను ఏం పని చేస్తావని అడగండి, "గొట్టాలకు పూత పెడ్త" అంటుంది. అంతే! ఆ గొట్టాలు డయాలసిస్ రోగుల మెడలో పెట్టేవని, లోపల నెత్తురు గడ్డకట్టకుండా ఆ పూతే కాపాడుతుందని మనమే గుచ్చి గుచ్చి రాబట్టాలి. ఆమె తమ్ముడు అంజన్ మెడలోనూ అలాంటి గొట్టమే ఉంది. మొదట పెట్టిన గొట్టం నెత్తురు గడ్డకట్టి మూసుకుపోతే వాడు చావు తప్పి బయటపడ్డాడు. వాడు కోలుకుంటే బోనం ఎత్తుతానని కాశమ్మ అమ్మవారికి మొక్కుకుంది.

సరిగ్గా బోనాల ఆదివారమే కార్ఖానాలో అర్జెంటు పని పడింది. పొద్దు వాలకముందే ఆమెను ఇంటికి పంపిస్తానని ఓనరు మనీష్ సేఠ్ మాటిచ్చాడు. పూత మందులో మునిగిన గొట్టాల చట్రాన్ని మోటారు నిదానంగా పైకి లేపుతోంది. సగంలో కరెంటు పోయింది! చట్రం ఎక్కడ ఆగితే అక్కడ పూత చెడుతుంది. చట్రం ఆగేలోపే కాశమ్మ ఒక్క ఉదుటున వెళ్లి దాన్ని లేపే చక్రం పట్టుకుని, అదే నిదానంతో చేత్తో తిప్పింది. అప్పుడే బయట గల్లీలో బోనాల డప్పులు మోగాయి. ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది.

చట్రం మొత్తం పైకొచ్చాక మనీష్ చప్పట్లు కొట్టాడు. "కమాల్ చేసినవక్కా! ఇగ పో, బోనం ఎత్తుకో."

ఇంకొకరైతే కొంగు బిగించి పరుగెత్తేవారే. ఈ మహాతల్లి కదిలితేనా! ఒక గొట్టం తీసి, పూతను పరీక్షించే రంగునీళ్లలో ముంచింది. పూత పట్టినంత మేరా ఊదారంగు తేలింది. మధ్యలో మాత్రం సన్నటి తెల్ల గీత కనిపించింది.

"డప్పు ఇని నా చెయ్యి ఆగింది సేఠ్. ఇవన్నీ పనికిరావు."

"వెంట్రుకంత గీత అక్కా! ఎవరికి కనబడ్తది?"

"నెత్తురుకు కనబడ్తది."

కాశమ్మ కత్తెర తీసుకుని గొట్టాలన్నిటినీ కోసి చెత్తలో పడేసింది. కరెంటు వచ్చాక కొత్త చట్రం ముంచి, పూత ఆరేదాకా అక్కడే కూర్చుంది.

ఇల్లు చేరేసరికి ఊరేగింపు ఎప్పుడో దాటిపోయింది. గుమ్మంలో అంజన్, వాడి పక్కన వేపాకులు వాడిపోయిన బోనం కుండ. వాడు కోపంగా లేచి నిలబడ్డాడు.

"నా కోసం మొక్కి, నువ్వే రాకపోతివి గదక్కా! ఏంది గిది?"

"గొట్టాలకు పూత సక్కగ పట్టలే తమ్మీ. అన్నీ కోసేసి మల్ల జేసిన."

అంజన్ చెయ్యి మెడ మీది కట్టు దగ్గరికి పోయింది. తర్వాత వాడు బోనం మీద కొండెక్కిన దీపం మళ్లీ వెలిగించి, కుండకు రెండు చేతులూ ఆనించబోయాడు. "బరువెత్తకురా!" అని కసిరి, కాశమ్మే బోనం నెత్తికెత్తుకుంది.

డప్పు లేదు, జనం లేరు. గుడి దారిలో అంజన్ ఆమె ముందు నడుస్తూ, అడ్డొచ్చిన ప్రతి ఆటోనూ చెయ్యెత్తి ఆపాడు.

"జర రస్తా ఇయ్యండి భాయ్! మా అక్క బోనం వస్తున్నది!"