చొక్కా మీద ఆడిన పెళ్లి రీలు

సారపాకలో పేపరు మిల్లు క్వార్టర్ల దగ్గర ఒకప్పుడు క్రీస్తుదాసు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. సినిమా దాసు ఇల్లు అంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గుమ్మంలో దింపేవారు. రెండు వేల మూడు వచ్చేసరికి అదే వీధిలో సినిమా దాసు ఎవరంటే, "సీడీలు కిరాయికిచ్చే ఆయనా?" అని ఎదురడిగే పిల్లలు తయారయ్యారు. ఆ మాట చెవిన పడ్డ రోజు క్రీస్తుదాసు సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. కాసేపటికి ఆకలేసి, ఎవరూ చూడకుండా మళ్లీ తనే వడ్డించుకున్నాడు.

ఆయనకు ఆ పేరు తెచ్చింది ఒక చిన్న ప్రొజెక్టరు. కుర్రతనంలో ఆయన మిషన్ జీపుకు డ్రైవరు. మిషన్ బంగళాలో ఉండే విదేశీ ఫాదర్‌కు కెమెరా పిచ్చి. కీ తిప్పితే నడిచే బుల్లి కెమెరాతో చర్చినీ, గోదావరినీ, జీపునీ, జీపు తుడుస్తున్న దాసునీ చిటికెన వేలంత వెడల్పు కూడా లేని ఫిల్ము మీద పట్టేవాడు. తన దేశం వెళ్లిపోతూ ప్రొజెక్టరూ, రేకు పెట్టె నిండా రీళ్లూ దాసు చేతుల్లో పెట్టాడు. తర్వాత దాసు మిల్లులో ఫిట్టరయ్యాడు. మిల్లులో ఫిట్టర్లకేం, బోలెడుమంది. ఇంట్లో సినిమా ఉన్న ఫిట్టరు మాత్రం ఆయనొక్కడే.

ఆదివారం పొద్దుగూకగానే ముందుగదిలో తెల్ల దుప్పటి కట్టేవాడు. దానికి మడత కనబడకుండా ఇస్త్రీ చేయడం భార్య మరియ వంతు. క్వార్టర్లవాళ్లు చాపలు చంకన పెట్టుకుని వచ్చేవారు. యంత్రం టకటకమని మొదలవగానే వేడెక్కిన దీపం వాసన గదంతా కమ్ముకునేది. వెలుగుకు వచ్చిన పురుగు దుప్పటి మీద గద్దంత కనబడితే పిల్లలు కెవ్వుమనేవారు. ఆ రీళ్లకు మాటలు లేవు. మాటలన్నీ దాసువే. ఫాదర్ దేశపు రీళ్లలో మంచులో జారిపడే తెల్లదొరలకు సారపాక తెలుగు నేర్పింది ఆయనే. "అరే తమ్మీ, జారుతున్న, జల్దీ పట్టుకోరాదురా!" అని ఆయన అరిచేసరికి దొర దభీమని పడేవాడు, జనం పొట్టలు పట్టుకునేవారు. తెర మీది మనిషికన్నా తానే పెద్ద నటుణ్ణని దాసుకు అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది గానీ అడిగే దిక్కు లేదు.

చివర్లో ప్రతి వారం పెళ్లి రీలు ఉండేది. దాసూ మరియల పెళ్లి. ఫాదర్ చేతులు కెమెరాతో ఖాళీ లేకపోవడంతో పెళ్లి చేయించడానికి కొత్తగూడెం నుంచి వేరే ఫాదర్‌ను పిలిపించారు. వధూవరులు చర్చిలోకి వస్తారు, పీఠం ముందు నిలబడతారు. సరిగ్గా తాళి కట్టే ఘట్టం రాగానే దాసు తన అరచెయ్యి లెన్సుకు అడ్డం పెట్టేవాడు. "గిక్కడ రీలు ఖరాబైంది. చూస్తే కండ్లకు మంచిది కాదు" అని చీకట్లోంచి గొంతు వినిపించేది. "అయినా చూసేదేముంది? రెప్పపాటుల మూడు ముళ్లు ఏసిన. ఫాదరే పరేశానయిండు." చెయ్యి తీసేసరికి మరియ మెడలో తాళి ఉండేది. వాళ్ల కూతురు హెప్సిబా అయితే పెళ్లి సినిమాలన్నిటికీ ఆ చోట చీకటే ఉంటుందనుకుంటూ పెరిగింది. మరియ ఆ కాస్తసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఊళ్లో ఎందరు నమ్మారో తెలియదు గానీ, చెప్పగా చెప్పగా దాసు మాత్రం తన మాట తానే పూర్తిగా నమ్మేశాడు.

తర్వాత బల్బు పోయింది. ఇంటింటికీ టీవీ వచ్చింది, దాని వెనకే సీడీలు వచ్చాయి. ప్రొజెక్టరు మంచం కిందికి చేరింది, దాని మీదికి మరియ ఉల్లిగడ్డల బుట్ట చేరింది.

భద్రాచలంలో నర్సుగా పనిచేస్తున్న హెప్సిబా, తాను ఇష్టపడ్డ జాషువాను రెండు వేల మూడులోనే ఇంటికి తీసుకొచ్చింది. బూర్గంపాడులో బడిపంతులు, నెమ్మదస్తుడు. దాసు ఎదుట కూర్చోగానే అతని చెయ్యి వణికి చాయ్ కప్పులోది సగం ప్యాంటు మీద పడింది. దాసుకు అది చాలు.

"చాయ్ కప్పు పట్టుడు రాదు, రేపు తాళి ఎట్ల కడ్తడు? వణికేటోనికి నా బిడ్డనియ్య" అని తేల్చేశాడు.

"చేసుకుంటే ఆయన్నే చేసుకుంట డాడీ. నువ్వు అవ్ అనకుంటే మాత్రం గిట్లనే ఉంట" అని హెప్సిబా కూడా తేల్చేసింది. ఆ రోజు నుంచి తండ్రితో మాటలు బంద్. ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్లిపోయేది. అందరి ముందూ మీసం మెలేసే దాసు, కూతురు మాట్లాడకపోయేసరికి లోలోపల నీరుగారిపోయాడు.

"పిల్లగాన్ని ఇంకోసారి పిలిచి చూడు" అంది మరియ.

అప్పుడు దాసుకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పెళ్లి రీలు వేసి, మగాడన్నవాడు పీఠం ముందు ఎలా నిలబడతాడో ఆ పిల్లవాడికి చూపించాలి. సిగ్గుంటే వాడే తప్పుకుంటాడు. ఇందులో కూతురి మంచి ఎంతో, ఇన్నాళ్లకు మళ్లీ ఇంటికి జనం వస్తారన్న ఆశ ఎంతో, ఆయన తనను తాను అడుక్కోలేదు.

భద్రాచలంలో రేడియోలు బాగుచేసే మక్సూద్ ఆయనకు పాత దోస్తు. స్కూటరు హెడ్‌లైటు బల్బు బిగించి, టేప్‌రికార్డరు బెల్టు తొడిగి యంత్రాన్ని లేపి కూర్చోబెట్టాడు. దాసుకు ఇప్పుడు చూపు ఆనడం లేదు కనుక నడిపే పనీ అతనికే పడింది. "ఏమైనా సరే మధ్యల ఆపకు మక్సూద్. ఆగిందంటే బల్బు వేడికి ఫిల్ము కాలిపోతది" అని దాసు పదే పదే చెప్పాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా తొడిగి, పెళ్లికూతురి తండ్రి హోదాలో వెళ్లి ముందు వరస కుర్చీలో జాషువా పక్కన కూర్చున్నాడు. పాత చాపలవాళ్లలో చాలామంది వచ్చారు. దాసు ఒళ్లు పులకరించింది.

టకటకమని రీలు మొదలైంది. "చూడు తమ్మీ, నడక చూడు, మిలట్రీ నడక" అని దాసు అందుకున్నాడు. పీఠం వచ్చింది. అలవాటు ప్రకారం ఆయన అరచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. దాని ముందు లెన్సు లేదు. లెన్సు వెనకెక్కడో మక్సూద్ దగ్గరుంది.

దుప్పటి మీద కుర్ర దాసు చెమటతో తడిసి ఉన్నాడు. చేతిలో తాళి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. చూస్తుండగానే జారి కింద పడింది.

"ఆపు!" అని దాసు కేక పెట్టాడు.

"ఆపితే కాలిపోతది భాయ్! నువ్వే చెప్పినవ్ గద!" అన్నాడు మక్సూద్ వెనకనుంచి.

ఉన్న ఒక్క పెళ్లి కాలిపోతే మళ్లీ దొరకదు. దాసు ఒక్క ఉరుకున వెళ్లి దుప్పటికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, దాని వెనక బాగా ఎదిగిన బొజ్జ. ఇంతకన్నా మంచి తెర ఆ ఇంట్లో ఎప్పుడూ కట్టలేదు. పెళ్లి ఆయన పొట్ట మీద మరింత వెలుగుతో ఆడసాగింది. కుర్ర దాసు ఏరుకున్న తాళి మెడ వెనక ఇంకోసారి జారింది. అప్పుడు పెళ్లికూతురి ముసుగు కిందనుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చింది. మెడ వెనక్కి వెళ్లి తాళి కొసను తడిమి పట్టుకుంది. దాన్ని వణికే వేళ్లలో పెట్టి, ముడి పడేదాకా అక్కడే ఉంది.

దాసు తల వంచి తన గుండెల మీద ఆ చెయ్యిని చూసుకున్నాడు. ముందు సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత, ఇంత మంచి చెయ్యిని ఇన్నేళ్లూ తన అరచేత్తో మూసేసినందుకు ఏడుపొచ్చింది.

మరియ పకపకా నవ్వింది. ఈసారి కొంగు అడ్డం లేదు. "జరగకు, ఆడనే నిలబడు. ఇన్నేండ్లకు మంచిగ కనవడుతున్నది" అంది. "వణికేటోడు పనికిరాకుంటే నేను ఎవరితోని కాపురం చేసినట్టు?"

గది గదంతా గొల్లుమంది. నవ్వనివాడు జాషువా ఒక్కడే.

"తర్వాత తగ్గిందా అంకుల్?" అని మెల్లగా అడిగాడు.

"ఏంది?"

"వణుకు."

వెలుగు కళ్లలో కొడుతుంటే దాసుకు పిల్లవాడి ముఖం కనబడలేదు. అబద్ధానికి ఓపిక కూడా మిగల్లేదు. "యాడ తగ్గింది బిడ్డా. మీ అత్త పట్టుకున్నదాక తగ్గలే" అన్నాడు.

మీ అత్త అన్న మాట హెప్సిబా చెవిలో ముందు పడింది. "డాడీ!" అంటూ లేచి, నడుస్తున్న సినిమాలోకి పరుగెత్తుకొచ్చి తండ్రిని పట్టుకుంది.

ఎండాకాలంలో పెళ్లయింది. భద్రాచలం నుంచి వీడియో కెమెరాతో ఒకతను వచ్చాడు. తాళి అందుకోగానే జాషువా చేతులు అందరూ ఎదురుచూసినట్టే వణికాయి. వీడియో అతను మర్యాద తెలిసినవాడు. కెమెరాను మెల్లగా చర్చి కప్పుకు కట్టిన పూల మీదికి తిప్పాడు.

దాసు బంధువులను తోసుకుంటూ వెళ్లి అతని భుజం పట్టుకున్నాడు.

"పూలెందుకు తీస్తున్నవ్ తమ్మీ? ఆ చేతులు తియ్యి. వణికేది మంచిగ రావాలె. ఇప్పుడు నా బిడ్డ చెయ్యి వస్తది, జర దగ్గరికి పో."