మిషను ఎందుకు ఆగింది

మార్టూరు దగ్గర గ్రానైట్ పలకలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో నేను మిషను నడిపేవాణ్ణి. యజమానిని 'అన్నా' అని పిలిచేంత చనువుండేది. అద్దె షెడ్డులో ఒకే మిషనుతో మొదలుపెట్టిన రోజుల్లో ఆయనా నేనూ ఒకే క్యారేజీలో తిన్నవాళ్లం.

తర్వాత చెన్నైలోని ఎగుమతి కంపెనీ ఒకటి, మిషన్లను ఇంటర్నెట్‌కు కలిపిన ఫ్యాక్టరీలకే ఆర్డర్లిస్తామంది. అన్న కలిపించాడు. మిషను నడుస్తుంటే ఆయన ఫోనులో పచ్చగా, ఆగితే ఎర్రగా కనిపించేది. చెన్నైలోనూ అంతే. ఆయన షెడ్డుకు రావడం తగ్గింది. టీకి ఆపినా ఫోను, అరిగిన పాలిష్ బిళ్లలు మార్చడానికి ఆపినా ఫోను. "ఏరా, ఎందుకాగింది?" అన్నదే పలకరింపయింది.

ఒక మధ్యాహ్నం, మిషను నుంచి బయటికొచ్చే పలకల్ని తుడిచే అక్క చెయ్యి పలకకూ రోలరుకూ మధ్య ఇరుక్కుంది. ఆమె అరవలేదు. "తమ్ముడూ" అంది, అంతే. మిషను ఆపి పరుగెత్తాను. ఇంకో ఇద్దరితో కలిసి గునపాలతో పలకను లేపుతుంటే జేబులో ఫోను మోగుతూనే ఉంది. చివరికి తీసి స్పీకర్లో పెట్టాను.

"ఏరా, అందరూ నిద్రపోతున్నారా?"

"అన్నా, అక్క చెయ్యి ఇరుక్కుంది. తీస్తున్నాం."



"తీశాక ఇంకెవరినన్నా నిలబెట్టి ఆన్ చెయ్యి. చెన్నైవాళ్లు చూస్తుంటారు."

ఆ మాట ఆమె కూడా వింది.

నేను ఆన్ చెయ్యలేదు. ఆమెను ఆటోలో చిలకలూరిపేట ఆసుపత్రికి తీసుకెళ్లాను. "నీ పని పోద్దేమో, వెళ్లిపో తమ్ముడూ" అని దారంతా ఆమే నాకు చెప్పింది. రెండు వేళ్లు తీసేశారు.

ఆసుపత్రి ఖర్చు అన్నే పెట్టుకున్నాడు, అది దాచను. మర్నాడు షెడ్డుకొచ్చి ఫోను తెరిచాడు. మిషను ఎందుకాగిందో చెన్నైకి చెప్పాలి. కరెంటు, మరమ్మతు, సరుకు లేకపోవడం, ప్రమాదం అని వరసగా ఉన్నాయి.

"ప్రమాదమని పెడితే తనిఖీకి వస్తారు. ఆర్డరు పోతే నీకూ పనుండదు, నాకూ ఉండదు" అన్నాడు నా మొహం చూడకుండా. కరెంటు పోయిందని నొక్కాడు.

ఆ నెలాఖరుకి నేను మానేశాను. ఉండిపొమ్మని ఆయన అడగలేదు. ఇప్పుడు చేసేచోట కూడా మిషన్లకు అవే ఇంటర్నెట్ వైర్లు బిగించారు.

పోయిన వేసవిలో అక్కను చూడటానికి వెళ్లాను. ఇంటి ముందు కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కాయను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతికి మిగిలిన వేళ్లతో తుంచుతోంది. ఆ ఘాటు మానిన గాయాన్ని కూడా మండిస్తుందట.

"ఆ రోజు మిషనాగిందానికి ఏం చెప్పుకున్నారు వాళ్లు?" అని అడిగింది.

"కరెంటు పోయిందని చెప్పారు అక్కా."

చేతిలో కాయ పక్కన పెట్టింది.

"నిజంగా పోయుంటే బాగుండేది" అంది. తర్వాత లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది.